బాకీ వేరు, తగవు వేరు
(మన సంఘ సభ్యుల మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఫ్లాటుల యజమానులకును వారి సంఘములకును నడుమ పుట్టుచున్న వ్యాజ్యములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము ఆదేశించినారు. మేము న్యాయవాదులము కాము. పదవ తరగతితో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారము. ఐనను ఈ విషయమును వినుట మాకు తప్పనిదైనది. మునుపు మన సంఘమునకు వచ్చువారు పిల్లలకు బడిసీటును గూర్చియో, పెండ్లి సంబంధమును గూర్చియో అడుగుచుండిరి. ఇప్పుడు మారతహళ్ళి నుండి, వైటుఫీల్డు నుండి, సర్జాపురము రోడ్డు నుండి వచ్చువారిలో పలువురు మొదట అడుగునది మెయింటెనెన్సు తగవే. ఒకరి చేతిలో వకీలు నోటీసు. మరియొకరి చేతిలో సంఘము పంపిన బాకీ జాబితా. అనంతపురము, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాలలో పొలమో ఇల్లో అమ్మి, ఉద్యోగపు కాలమంతయు తీర్చవలసిన అప్పు చేసి కొన్న గూడు అది. ఆ గూటిలో నెమ్మది లేకుండుట చిన్న కష్టము కాదు.

ముందుగా మనము కొన్నది ఏమో తెలిసికొనవలెను. ఊరిలో ఇల్లు కొన్నచో దస్తావేజులో చెక్కుబందీ వ్రాయుదురు. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట రాచబాట అని నాలుగు హద్దులు చెప్పిన చాలును. ఫ్లాటునకు హద్దులు నాలుగు కావు, ఆరు. పైకప్పుకు పైన ఒకరు, నేలకు క్రింద ఒకరు కాపురముందురు. నాలుగు గోడల లోపలి భాగము మనకే చెందినది. దానితోపాటు నేల, పునాది, మెట్లు, లిఫ్టు, మిద్దె, నీటి తొట్లు మున్నగువానిలో అవిభక్తమైన భాగమొకటి వచ్చును. ఆ భాగమును విడదీసి పంచుకొనుటకు వీలు లేదు. ఒకే కాగితము మీద రెండు ఆస్తులు కొంటిమన్నమాట. ఒకటి సొంతము, రెండవది ఉమ్మడి. తగవులలో నూటికి తొంబది ఈ రెండవదానిలోనే పుట్టుచున్నవి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. ఆకాశమునకు ఎగబ్రాకిన ఇండ్లు కట్టిన ప్రతి దేశమునకును వచ్చినది. 1958లో ప్యూర్టో రికో ద్వీపమునను, 1961లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమునను ఇందుకై ప్రత్యేక చట్టములు చేసిరి. మన దేశమున మహారాష్ట్ర 1963లో ఒకటి, 1970లో మరియొకటి చేసినది. కర్ణాటకమునకు రెండు చట్టములు 1972 నాటివి. వానిలో ఒకటి బిల్డరు కట్టి అమ్మవలసిన పద్ధతిని చెప్పును. రెండవది, అనగా అపార్టుమెంటు యాజమాన్య చట్టము, కొన్నవారు కలసి కాపురముండవలసిన పద్ధతిని చెప్పును. ఆంధ్రప్రదేశమున 1987లో చట్టము వచ్చినది. కాబట్టి ఫ్లాటు జీవితమునకు నియమములు లేవనుట సరికాదు. నియమములున్నవి. చదివినవారు తక్కువ.

ఇక మేము ముఖ్యముగా మనవి చేయదలచినది ఒక్కటే. అది మా అంగడిలో నేర్చినది. బాకీ వేరు, తగవు వేరు.

వర్తకమున ఇది మొదటి పాఠము. సరుకు తెచ్చిన టోకు వర్తకుడు ఈ నెల రెండు మూటలు తడిసినవి పంపినాడనుకొనుడు. పోయిన నెల మంచి సరుకునకు ఈయవలసిన సొమ్మును దానికై ఆపివేయుదుమా? ఆపినవానికి బజారులో పరపతి పోవును. తడిసిన మూటల లెక్క వేరుగా వ్రాసి, వేరుగా తేల్చుకొందుము. ఆవర్జాలో రెండు పద్దులను కలిపినవాడు లెక్క తప్పును, స్నేహమును కూడ పోగొట్టుకొనును. ఫ్లాటుల సముదాయములలో నేడు జరుగుచున్నది సరిగా ఇదే. యజమాని తన తగవునకు ఆయుధముగా మెయింటెనెన్సును ఆపుచున్నాడు. సంఘము తన బాకీకి ఆయుధముగా నీటిని ఆపుచున్నది. ఇద్దరును రెండు పద్దులను కలిపివేసినవారే. చట్టము ఇద్దరి పక్షమునను లేదు.

మొదట యజమానుల సంగతి చూతము. “మాది నేల అంతస్తు, మేము లిఫ్టు ఎక్కము, దాని ఖర్చు మేమెందుకు ఈయవలెను?” అని ఒకరందురు. “మేము ఈతకొలనులో దిగలేదు” అని ఒకరు. “మా ఫ్లాటు ఖాళీగా ఉన్నది, మేము హైదరాబాదులో ఉన్నాము” అని వేరొకరు. 1972 చట్టము దీనికి స్పష్టముగా సమాధానము చెప్పినది. ఉమ్మడి వసతిని వాడుకొననని చెప్పినను, ఫ్లాటును విడిచిపోయినను, ఉమ్మడి ఖర్చులో తన వంతు నుండి ఎవరును తప్పించుకొనజాలరు. అంతేకాదు, చెల్లింపని ఆ సొమ్ము ఆ ఫ్లాటు మీదనే భారమై నిలుచును. పురపాలక పన్నులు, ముందే రిజిస్టరైన తాకట్టులు మినహా తక్కిన బాకీలకంటె దానికి ముందు స్థానము కలదు. ఫ్లాటును అమ్మినచో కొన్నవాడు కూడ అమ్మినవానితోపాటు ఆ పాత బాకీకి బాధ్యుడగును. కాబట్టి రెండవచేతి ఫ్లాటు కొనదలచిన మన సభ్యులకు ఒక హెచ్చరిక. అడ్వాన్సు ఇచ్చుటకు ముందే బాకీ ఎంతయున్నదో, లేదో సంఘము చేత వ్రాయించుకొని తీసికొనుడు. తులము బంగారము కొనునప్పుడు గీటురాయి అడుగు మనము లక్షల ఫ్లాటు కొనునప్పుడు ఒక కాగితము అడుగుటకు మొగమాటపడరాదు.

ఇక సంఘముల సంగతి. కార్యవర్గములోనికి వచ్చినవారు జీతము లేని సేవకులు. పగలు ఉద్యోగము, రాత్రి పంపు మరమ్మతు. వారిని గౌరవింపవలసినదే. ఐనను బాకీ వసూలునకై నీటి కుళాయిని కట్టివేయుట, కరెంటు తీగను ఊడదీయుట, ముసలివారిని లిఫ్టు ఎక్కనీయకుండుట అనునవి వసూలు మార్గములు కావు. నీరు, వెలుతురు మనుష్యుని ప్రాణావసరములు. వీనిని స్వయముగా ఆపినవారిని న్యాయస్థానములు మెచ్చుకొన్న జాడ లేదు. బాకీ నిజమైనదైనను, ఆపిన పని తప్పయి, వాది ప్రతివాదియగును. చట్టము ఇచ్చిన దారి వేరు. లెక్క వ్రాసి నోటీసు పంపుట, బైలాలలో నున్న వడ్డీ వేయుట, అప్పటికిని ఈయనిచో దావా వేయుట. ఈ దారి నిదానమైనది. ఐనను దీనిలో నడచినవాడు వెనుకకు తిరిగి చూచుకొనవలసిన పని లేదు.

బైలాలను గూర్చి కూడ ఒక మాట. బైలా చేసినంత మాత్రమున అది శాసనసభ చేసిన చట్టము కాదు. 1969లో హైదరాబాదు నుండి పోయిన ఒక సహకార బ్యాంకు వివాదమున సుప్రీం కోర్టు ఈ సంగతిని స్పష్టపరచినది. సహకార సంఘపు బైలా సభ్యుల నడుమ ఒడంబడిక వంటిదే గాని చట్టమునకుండు బలము దానికి లేదని ఆ తీర్పు సారము. ఫ్లాటుల సంఘములకును ఇందు పాఠమున్నది. మనమొప్పుకొన్న ఒడంబడిక మనలను కట్టును, సందేహము లేదు. 1972 చట్టము ప్రకారము బైలాను మీరినవాని మీద సంఘము నష్టపరిహారమునకో, నిషేధపు ఉత్తరువునకో దావా వేయవచ్చును. తగిన సందర్భమున బాధపడిన తోటి యజమానియు వేయవచ్చును. కాని దేశపు చట్టమునకు విరుద్ధముగా బైలా చేయరాదు. ఉదాహరణమునకు, కుక్కను పెంచువారిని ఫ్లాటులో ఉండనీయమని తీర్మానించు సంఘములున్నవి. పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించు అధికారము నివాసుల సంఘములకు లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే తెలియజేసినది. అట్టి తీర్మానము చేసి వ్యాజ్యమునకు పోవుట సంఘపు సొమ్మును వకీలు ఇంటికి మోయుటయే.

మా యెరుకలోని ఒక సంగతి చెప్పెదము. ఊరు, పేరు అక్కర లేదు. ఒక సముదాయమున విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, మన రాయలసీమ పెద్దమనిషి, ఎనిమిది నెలలు మెయింటెనెన్సు ఈయలేదు. వారి పడకగది గోడ చెమ్మగిల్లి సున్నము రాలుచున్నది. “మిద్దె బాగుచేయని సంఘమునకు రూపాయి ఈయను” అని వారి పంతము. సంఘమువారు వారి పేరును లిఫ్టు ప్రక్కన బల్ల మీద వ్రాసిరి. వారి మనుమరాలు బడికి పోవునప్పుడు ఆ బల్లను చూచుచుండెను. మాట మాట పెరిగి ఇరుపక్షములును వకీళ్ళ కడకు పోవుటకు సిద్ధపడిరి. మమ్ము పిలిచి కూర్చుండబెట్టినప్పుడు మేము చేసినది మా అంగడి పనియే. రెండు కాగితములు తెప్పించితిమి. ఒకదానిపై బాకీ. రెండవదానిపై చెమ్మ. మొదటి కాగితము ప్రకారము మాస్టరుగారు “అభ్యంతరముతో చెల్లించుచున్నాను” అని వ్రాసి సొమ్మంతయు చెల్లించిరి. రెండవ కాగితము ప్రకారము సంఘము ముప్పది దినములలో ఇంజనీరును పిలిపించుటకు ఒప్పుకొన్నది. బల్ల మీది పేరును ఆ సాయంకాలమే తుడిచివేసిరి. ఇంజనీరు వచ్చి చూడగా నీరు కారుచున్నది మిద్దె నుండి కాదు, పై ఫ్లాటువారి స్నానపు గది గొట్టము నుండి. అనగా అది ఉమ్మడి ఖర్చే కాదు! ఎనిమిది నెలల పోరాటము సంబంధము లేని ఇద్దరి నడుమ జరిగినది. పై అంతస్తువారు గొట్టము మార్పించిరి. పద్దులు విడదీయకున్నచో ఈ సంగతి న్యాయస్థానమున ఎన్ని ఏండ్లకు తేలియుండునో ఊహింపుడు.

రుసుము ఎట్లు లెక్కింపవలెననునది మరియొక పెద్ద తగవు. చిన్న ఫ్లాటువారు చదరపుటడుగుల లెక్కన ఉండవలెనందురు. పెద్ద ఫ్లాటువారు ఇంటికింత అని సమముగా ఉండవలెనందురు. ఇద్దరి వాదమునను కొంత సబబున్నది. వాచ్‌మన్ చిన్న ఇంటికి తక్కువగాను, పెద్ద ఇంటికి ఎక్కువగాను కాపలా కాయుటలేదు గదా! ఐనను ఇక్కడ మన తీర్పు కాదు, కాగితపు తీర్పే చెల్లును. 1972 చట్టము ఉమ్మడి ఖర్చును అవిభక్త భాగపు శాతమును బట్టి పంచవలెనని చెప్పుచున్నది. ఈ విషయమున బొంబాయి అనుభవము చూడదగినది, ఏలయనగా వారి 1970 చట్టము మన చట్టమునకు అన్నవంటిది. అక్కడ సహకార సంఘములుగా ఏర్పడిన సముదాయములలో సేవలకు సమాన రుసుము సబబని తీర్పులు వచ్చియున్నవి. కాని అపార్టుమెంటు చట్టము క్రింద ఏర్పడినచోట అవిభక్త భాగమును బట్టియే ఈయవలెనని 2025లో బొంబాయి హైకోర్టు పూనా సముదాయమొకదాని విషయమున తీర్పు చెప్పినది. ఒకే రాష్ట్రము, ఒకే రకపు ఇండ్లు. సంఘము పుట్టిన చట్టము వేరగుటచే లెక్కయే మారిపోయినది.

నీటి తగవు మన నగరమున దీనికి తోడైనది. 2024 వేసవిలో బోరుబావులు ఎండి, టాంకరుల కొరకు సముదాయములు పడిన పాట్లు ఈ సభలో అనేకులకు తెలిసినవే. ఆ మార్చి నెలలో త్రాగునీటితో కార్లు కడిగినవారికిని, తోటలు తడిపినవారికిని ఐదువేల రూపాయల జరిమానా యని నీటి సరఫరా మండలి ప్రకటించినది. టాంకరు ఖర్చు ఏ పద్దున వ్రాయవలెను, ఎవరి వంతు ఎంత అనునది ఆ వేసవిలో చాలచోట్ల సభలను సంతలుగా మార్చినది. ఇంటింటికిని నీటి మీటరు పెట్టుకొన్నచోట ఈ తగవు చాలవరకు సన్నగిల్లును. కొలిచి అమ్మినచోట వాదము తక్కువని వర్తకులకు వేరే చెప్పవలెనా?

కారు నిలుపు స్థలము మరియొక రావణకాష్ఠము. బిల్డరు స్తంభముల నడుమ గీతలు గీసి, ఒక్కొక్క గీతకు లక్షలు పుచ్చుకొని, వేరు రసీదు ఇచ్చిన సందర్భములు మనమెరుగుదుము. 2010లో బొంబాయి దహిసరు ప్రాంతపు ఒక సహకార గృహసంఘము వ్యాజ్యమున సుప్రీం కోర్టు ఇట్టి స్థలము ఉమ్మడి భాగమేగాని, బిల్డరు ప్రత్యేకముగా అమ్ముకొనదగిన సరుకు కాదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు మహారాష్ట్ర చట్టమును బట్టి వచ్చినదైనను, దేశమంతటను దానిని ఉదాహరించుచున్నారు. అయ్యా, ఈ తీర్పును చేత పట్టుకొని పొరుగువాని స్థలములో మీ కారు నిలుపవలదు! బిల్డరునకు సొమ్మిచ్చి మోసపోయినవాడు పొరుగువాడే. తగవు బిల్డరుతో గాని, పొరుగువానితో కాదు. సంఘము కూర్చుండి, ఎవరికెంత అవసరమో చూచి, తీర్మానము వ్రాసికొనుట మేలు.

ఇప్పుడు తగవు తప్పనిదైనప్పుడు ఏ ద్వారము తట్టవలెనో చెప్పెదము. ముందుగా మీ సంఘము ఏ చట్టము క్రింద పుట్టినదో కాగితము తీసి చూడుడు. 1972 చట్టము క్రింద డిక్లరేషను దస్తావేజు రిజిస్టరై ఏర్పడినదైనచో సాధారణముగా తగవులు సివిలు న్యాయస్థానమునకు పోవును. 1959 సహకార సంఘముల చట్టము క్రింద పుట్టినదైనచో ఆ చట్టపు 70వ సెక్షను ప్రకారము రిజిస్ట్రారు ఎదుటికి పోవును. 1960 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద పుట్టినవియు మన నగరమున అనేకము కలవు. ఆ చట్టము ముఖ్యముగా విద్య, దాతృత్వము, కళలు మున్నగువానికై ఉద్దేశించినది. ఫ్లాటుల ఆస్తిని నిర్వహించుటకు అది చాలునా అను ప్రశ్న హైకోర్టు ఎదుటికి పోయియున్నది. అట్టి సముదాయమువారు మంచి న్యాయవాదిని సంప్రదించి తమ పునాదిని సరిచూచుకొనుట క్షేమము.

ద్వారము తప్పినచో సత్యమైన ఫిర్యాదు కూడ నిలువదనుటకు మన నగరపు వ్యాజ్యమే సాక్ష్యము. శోభా హైబిస్కస్ అను సముదాయపు యజమానుల సంఘము, లోపములను గూర్చి బిల్డరు సంస్థపై జాతీయ వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేసినది. 1972 చట్టమును బట్టి తప్పనిసరిగా ఏర్పడిన సంఘము స్వచ్ఛందమైన వినియోగదారుల సంఘము కాదనియు, కాబట్టి ఆ హోదాలో ఫిర్యాదు చేయజాలదనియు 2020 ఫిబ్రవరి 14న సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. లోపములున్నవా లేవా అను విచారణయే జరుగలేదు. ఎవరు సంతకము చేయవలెననుచోటనే వ్యాజ్యము ఆగిపోయినది. ఒకే కష్టముగల యజమానులు పలువురు కలసి, కమిషను అనుమతి పొంది, తమ పేర్లతో ఫిర్యాదు చేయు దారి వినియోగదారుల చట్టమున వేరుగా నున్నది. 2016 నాటి రెరా చట్టము యజమానుల సంఘమునకు కూడ ఫిర్యాదు హక్కు ఇచ్చినది. స్వాధీనము చేసిన నాటినుండి ఐదేండ్ల లోపల కట్టడపు లోపము బయటపడి బిల్డరునకు తెలిపినచో, ముప్పది దినములలో అతడు తన ఖర్చుతోనే సరిచేయవలెనని అందు కలదు. కాని అది ప్రధానముగా బిల్డరుతో గల తగవునకు. సంఘమునకును సభ్యునకును నడుమ తగవును అక్కడికి మోసికొనిపోయి ప్రయోజనము లేదు.

ఓడినవాడు కోర్టులో ఏడ్చిన, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనట. అందుచే మధ్యవర్తుల దారిని ముందుగా చూడవలెను. మన నగరమున హైకోర్టు ఆధ్వర్యవమున మధ్యవర్తిత్వ కేంద్రము 2007 నుండి పనిచేయుచున్నది. 1987 చట్టము క్రింద ఏర్పడిన లోక్ అదాలతులో రాజీపడినచో దానికి డిక్రీతో సమానమైన బలము కలదు. కోర్టు రుసుము తిరిగి వచ్చును. ఇరుగుపొరుగుల శాంతికి భంగము కలిగించు తగవులను ముగ్గురు మధ్యవర్తులు కూర్చుండి తీర్చు పద్ధతిని 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టమున కూడ చేర్చినారు. మన ఊరి రచ్చబండను శాసనమే మరల తలచుకొన్నదని సంతసింపవచ్చును. అట్టి ఒప్పుదలకు కోర్టు డిక్రీ బలము లేదు. మాటకు కట్టుబడు మనుష్యులుండుటయే దాని బలము.

సంఘమును శత్రువుగా చూచువారికి ఒక సంగతి జ్ఞాపకము చేసెదము. ఢిల్లీ చేరువ నొయిడాలో ఎమరాల్డ్ కోర్టు అను సముదాయమున తోటకని చూపిన చోట బిల్డరు రెండు గోపురములను లేపినాడు. అవి ఇండ్లకు మిక్కిలి దగ్గరగా నుండెను; యజమానుల సమ్మతియు తీసికొనలేదు. అక్కడి నివాసుల సంఘము అలహాబాదు హైకోర్టునకు పోగా, 2014లో కూల్చివేయవలసినదని తీర్పు వచ్చినది. బిల్డరు సుప్రీం కోర్టునకు పోయినను 2021 ఆగస్టు 31న ఆ తీర్పే నిలిచినది. సంఘమునకు రెండు కోట్ల రూపాయలు ఖర్చుల క్రింద ఇప్పించినారు. 2022 ఆగస్టు 28న ఆ గోపురములు కొన్ని క్షణములలో నేలమట్టమైనవి. అన్ని ఏండ్లు వ్యాజ్యము నడపవలెనన్న సొమ్ము కావలెను, కాగితములు కావలెను, ఐకమత్యము కావలెను. చందా ఆపినవారితోను, లెక్క దాచినవారితోను నిండిన సంఘము అట్టి పోరు పోరగలదా?

లెక్క దాచుట అంటిమి. కార్యవర్గములలో నున్న మన సభ్యులకు మేము ప్రత్యేకముగా విన్నవించుచున్నాము. పుస్తకము మూసినచోట అనుమానము తెరచుకొనును. నెలనెలా జమాఖర్చులను గోడ మీద అంటింపుడు. ఏటికొకసారి ఆడిటరు చేత తనిఖీ చేయించి సర్వసభ్య సభలో పెట్టుడు. బిల్డరు అప్పగించిన కార్పసు నిధిని బ్యాంకులో వేరు ఖాతాన ఉంచుడు. దానిని నిత్యఖర్చునకు తాకకుడు. ఎవరు అడిగినను, వానికి బాకీ యున్నను లేకున్నను, పుస్తకము చూపుడు. “నీవు ముందు బాకీ చెల్లించి తరువాత లెక్క అడుగు” అనుట కూడ రెండు పద్దులను కలుపుటయే సుమా!

చివరగా మన భాషను గూర్చి. సముదాయపు ఎన్నికలలో తెలుగువారొక ప్రక్క, ఇతరులొక ప్రక్క అను మాట ఈ మధ్య మా చెవిని పడుచున్నది. ఇది మంచిది కాదు. లిఫ్టునకు మాతృభాష లేదు. పంపు చెడినప్పుడు కన్నడిగుని ఇంటను, తమిళుని ఇంటను, మన ఇంటను కుళాయి ఒక్క తీరుగనే ఎండును. తరతరములుగా చిక్కపేటలోను, అవెన్యూ రోడ్డులోను మనవారు కన్నడముతో వ్యాపారము చేసి, తెలుగుతో ఇల్లు నడపి, రెండింటను మన్నన పొందినారు. ఆ మర్యాదను ఫ్లాటుల సంఘములలో పోగొట్టుకొనరాదు. మన సభ్యుని పక్షము న్యాయమైనదైనచో తెలుగువాడని కాక, న్యాయమని నిలువుదము. మనవాడే బాకీదారుడైనచో చెల్లింపుమని మనమే ముందు చెప్పుదము.

ఐతే భాష చేత మనవారికి నిజమైన కష్టమొకటి కలదు. దస్తావేజులు ఆంగ్లమున, నోటీసులు ఆంగ్లముననో కన్నడముననో ఉండును. కొడుకు కూతుళ్ళ దగ్గరకు వచ్చి చేరిన పెద్దలు, ఫ్లాటు తమ పేరనే యున్నను, తాము సంతకము చేసిన కాగితములో ఏమున్నదో ఎరుగరు. ఇక్కడ మన సంఘము చేయదగిన పని యున్నది. నెలకొక ఆదివారము మన సభ్యులలోని న్యాయవాదులు, ఆడిటర్లు రెండు గంటలు ఇక్కడ కూర్చుండి, వచ్చినవారి డిక్లరేషనును, బైలాలను తెలుగులో చదివి అర్థము చెప్పవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. రుసుము వలదు. వ్యాజ్యము నడపుట మన పని కాదు. కాగితము చదివి చెప్పుట మన పని. అందుకు కావలసిన బల్లలు, కుర్చీలు, కాఫీ ఖర్చును మేమును మాతోటి వర్తకులును భరింతుము. కార్యవర్గమువారు ఈ ప్రతిపాదనమును వచ్చు సమావేశమున పరిశీలింపగోరుచున్నాము.

నోటీసు చేత పట్టుకొని ఇంటికి పోవు సభ్యులు ఈ రాత్రియే ఒక పని చేయుడు. ఒక కాగితము తీసికొని నడుమ గీత గీయుడు. ఎడమ ప్రక్క మీరు ఈయవలసినది, కుడి ప్రక్క మీకు రావలసినది వ్రాయుడు. ఎడమ ప్రక్కది చెల్లింపుడు. కుడి ప్రక్కది అడుగుడు, వదలక అడుగుడు. బాకీ తీర్చినవాని గొంతునకు సభలో బలముండును.